కొత్త మందుకు పాత జోడీ చాలదు

2025 నవంబరులో మలేరియా మందుల రంగం నుంచి చాలా కాలానికి ఒక మంచి వార్త వచ్చింది. గానాప్లాసైడ్ అనే సరికొత్త మందును ల్యూమిఫాంట్రిన్ అనే పాత మందుతో కలిపి నోవార్టిస్ కంపెనీ, జెనీవాలోని మెడిసిన్స్ ఫర్ మలేరియా వెంచర్ తయారుచేసిన జంట మందు మూడో దశ పరీక్షల్లో నెగ్గింది. 12 ఆఫ్రికా దేశాల్లో పదహారు వందల మందికి పైగా పిల్లలకూ పెద్దలకూ ఇచ్చి చూశారు. 97.4 శాతం మందికి జబ్బు నయమైంది. పోలిక కోసం ఇచ్చిన ప్రామాణిక మందుతో నయమైనవారు 94 శాతం. ఇప్పుడు ప్రపంచమంతా ఆర్టెమిసినిన్ అనే మందుల కుటుంబం మీదే ఆధారపడి ఉంది. ఆ కుటుంబానికి చెందని మందు ఇంత దూరం రావడం నిజంగా పెద్ద విషయం.

నేను ఫార్మసీ విద్యార్థులకు ఫార్మకాలజీ చెబుతాను. వార్త చదివి సంతోషించాను, మర్నాడు తరగతిలోనూ చెప్పాను. కానీ ఆ జంటలో రెండో పేరు దగ్గర నా మనసు ఆగిపోయింది. ల్యూమిఫాంట్రిన్. ఆఫ్రికాలో ఇవాళ ఎక్కువగా వాడే ఆర్టిమెథర్-ల్యూమిఫాంట్రిన్ మాత్రలో, ఆర్టెమిసినిన్ జాతి మందైన ఆర్టిమెథర్‌కు తోడుగా ఉన్నదీ ఇదే. అంటే పాత మందు బలహీనపడితే ఆదుకోవడానికి వస్తున్న కొత్త మందు కూడా ఆ పాత మందు తోడునే నమ్ముకుంది. దాన్ని రోజుకొక్కసారి వేసుకునేలా కొత్తగా రూపొందించారు, నిజమే. అయినా మందు అదే. పరాన్నజీవి దానికి అలవాటు పడితే రెండు జంటలూ ఒకేసారి కుంటుపడతాయి.

మలేరియా మందుల పరిశోధనలో డబ్బూ కీర్తీ కొత్త అణువుకే దక్కుతాయి. దానికి జోడీ ఎవరన్న ప్రశ్న చివర్లో, దొరికినదానితో తేల్చేస్తారు. ఇది తప్పని నా గట్టి నమ్మకం. మందు ఎన్నేళ్లు బతుకుతుందో తేల్చేది జోడీయే. ఇప్పుడు పనిచేస్తున్న జంటలకు మూడో మందును, అవి పనిచేస్తుండగానే కలపాలి. విఫలమయ్యాక కలిపితే లాభం సగమే.

జోడీ ఎందుకంత ముఖ్యమో లెక్క చూస్తే తెలుస్తుంది. జ్వరం ముదిరిన మనిషి ఒంట్లో ఫాల్సిపారమ్ అనే ప్రాణాంతక రకం మలేరియా పరాన్నజీవులు లక్ష కోట్ల దాకా ఉండగలవు. ఎర్ర రక్తకణంలో వాటి జీవితచక్రం సుమారు 48 గంటలు. ఆర్టెమిసినిన్ జాతి మందు ఒక్కో చక్రంలో వాటిని దాదాపు పదివేల రెట్లు తగ్గిస్తుంది. ఇంత వేగంగా చంపే మందు వాడుకలో మరొకటి లేదు. మూడు రోజుల కోర్సు రెండు చక్రాలను తాకుతుంది. అంటే పది కోట్ల రెట్లు తగ్గుదల. లక్ష కోట్లు కాస్తా పదివేలవుతాయి. జ్వరం పోతుంది, ఆకలి వేస్తుంది, రోగి లేచి పనికి వెళ్తాడు. ఆ పదివేలు మాత్రం రక్తంలో ఉంటాయి. ఆర్టెమిసినిన్ రక్తంలో గంటలే నిలుస్తుంది. మిగిలినవాటిని ఏరిపారేసేది రోజుల తరబడి, వారాల తరబడి నిలిచే జోడీ మందు. ఆర్టెమిసినిన్ ఒక్కటే వారం రోజులు వాడితే చాలదా అని విద్యార్థులు అడుగుతారు. చాలావరకు చాలుతుంది. కాని రెండో రోజుకే జ్వరం తగ్గిన కూలిమనిషి ఏడో రోజు దాకా మాత్రలు వేసుకోడు.

ఇప్పుడు పరాన్నజీవి ఆర్టెమిసినిన్‌కు కొంత మొండికేసిందనుకుందాం. ఒక్కో చక్రంలో పదివేల రెట్లకు బదులు వంద రెట్లే తగ్గితే, మూడు రోజుల తర్వాత మిగిలేవి పది కోట్లు. ఆ పది కోట్ల భారమూ జోడీ మందు మీదే పడుతుంది. అన్నింటిలో ఏ ఒక్కటో రెండో దానికి లొంగని మార్పుతో పుట్టి ఉండే అవకాశం కూడా ఆ మేరకు పెరుగుతుంది. జోడెద్దుల్లో ఒకటి కుంటితే కాడి బరువంతా రెండోదాని మెడ మీద పడి అదీ కూలబడుతుంది. ఆగ్నేయాసియాలో జరిగింది సరిగ్గా ఇదే.

కంబోడియా పశ్చిమ సరిహద్దులో పైలిన్ అనే ఊరుంది. కెంపులు, నీలాల గనులకు పేరు. 1950ల చివర క్లోరోక్విన్‌కు లొంగని ఫాల్సిపారమ్ మొదట బయటపడిన చోట్లలో థాయ్-కంబోడియా సరిహద్దు ఒకటి. 1960ల మొదట్లో పైలిన్ గనుల ప్రాంతంలో క్లోరోక్విన్‌ను వంట ఉప్పులో కలిపి పంచారు. ఉద్దేశం మంచిదే, ఫలితం దారుణం. ఎవరు ఎంత ఉప్పు తింటే అంత మందు. చాలీచాలని మోతాదు వేలమంది ఒంట్లో నెలల తరబడి ఉండిపోయింది. లొంగని పరాన్నజీవిని పెంచి పోషించడానికి ఇంతకన్నా అనువైన ఏర్పాటు ఉండదు. ఆ ఆసియా మూలపు పరాన్నజీవి 1970ల చివరికి తూర్పు ఆఫ్రికా చేరింది. తర్వాతి ఇరవై ఏళ్లలో ఖండమంతా పాకి లెక్కలేనంత మంది పసిపిల్లలను బలిగొన్నది.

అదే పైలిన్‌లో 2008-09 నాటికి ఆర్టెమిసినిన్ కూడా నెమ్మదించిందని తేలింది. రోగి రక్తం నుంచి పరాన్నజీవులు తొలగడానికి పట్టే కాలం పెరిగింది. కెల్చ్-13 అనే జన్యువులోని మార్పులు దానికి కారణమని 2014లో గుర్తించారు. డైహైడ్రోఆర్టెమిసినిన్-పైపెరాక్విన్ జంట అప్పటికి అక్కడ ప్రధాన చికిత్స. భారమంతా పైపెరాక్విన్ మీద పడింది. అదీ ఓడిపోయింది. 2020లో వెలువడిన ఒక పెద్ద పరీక్ష ఫలితాలు చూడండి. కంబోడియా, థాయ్‌లాండ్, వియత్నాంలలో ఆ జంట 42 రోజుల తర్వాత 48 శాతం మందిలోనే పనిచేసింది. దానికే మెఫ్లోక్విన్‌ను మూడో మందుగా కలిపితే 98 శాతం.

ఈ రెండు అంకెలను నేను ఏటా బోర్డు మీద పక్కపక్కన రాస్తాను. మెఫ్లోక్విన్ కొత్త మందేమీ కాదు. ఆ ప్రాంతంలో ఒకప్పుడు తానే విఫలమైన పాత మందు. మూడో తోడుగా వచ్చి సగానికి పడిపోయిన చికిత్సను నిలబెట్టింది.

ఆఫ్రికా పరిస్థితి ఇప్పుడు భయపెడుతోంది. రువాండాలో 2020లో, ఉగాండాలో 2021లో, ఆ తర్వాత ఎరిట్రియా, టాంజానియాలలో ఆర్టెమిసినిన్‌కు పాక్షికంగా లొంగని ఫాల్సిపారమ్ నమోదైంది. రువాండాలోని మార్పు ఆసియా నుంచి వలస వచ్చింది కాదు, అక్కడికక్కడే పుట్టింది. అంటే సరిహద్దులో కాపలా కాసి ఆపగలిగేది కాదిది. ఉగాండా నమూనాల్లో ల్యూమిఫాంట్రిన్‌కు లొంగే గుణం కూడా తగ్గుతోందని ప్రయోగశాల పరీక్షలు చూపుతున్నాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2023లో మలేరియాతో 5,97,000 మంది చనిపోయారు. అందులో అత్యధికం ఆఫ్రికాలోని అయిదేళ్ల లోపు పిల్లలు. ఆగ్నేయాసియాలో కేసులు తక్కువ కాబట్టి సగం మందిలో మందు విఫలమైనా ఆస్పత్రులు తట్టుకున్నాయి. ఉగాండాలోనో కాంగోలోనో అలా జరిగితే ఏమవుతుందో తలచుకోవడానికే ధైర్యం చాలదు.

అందుకే మూడు మందుల కలయిక గురించి ఇంత గట్టిగా మాట్లాడుతున్నాను. ఏ మూడో మందు అన్నదానికి మలావీ అనుభవం దారి చూపింది. ఆఫ్రికా దేశాల్లో క్లోరోక్విన్‌ను ముందుగా, 1993లోనే ఆపేసినది మలావీ. దాని స్థానంలో సల్ఫాడాక్సిన్-పైరిమెథమిన్ వచ్చింది. పన్నెండేళ్లు గడిచాక పరిశోధకులు పిల్లల్లో రెండు మందులనూ పోల్చి చూశారు. కొత్తగా వచ్చినది 87 మందిలో 71 మందికి విఫలమైంది. పనికిరాదని పక్కన పెట్టిన క్లోరోక్విన్ మాత్రం 80 మందిలో ఒక్కరికే విఫలమైంది. మందు ఒత్తిడి తొలగేసరికి లొంగని పరాన్నజీవులు వెనకబడ్డాయి, లొంగేవి తిరిగి ఆక్రమించుకున్నాయి. లొంగకపోవడానికి పరాన్నజీవి మూల్యం చెల్లిస్తుంది.

ఇందులోనే ఇంకో మెలిక ఉంది, దాన్ని వాడుకోవాలి. క్లోరోక్విన్‌కూ, దాని దగ్గరి చుట్టం అమోడయాక్విన్‌కూ లొంగకుండా చేసే జన్యుమార్పు అదే పరాన్నజీవిని ల్యూమిఫాంట్రిన్‌కు ఎక్కువగా లొంగేలా చేస్తుంది. ల్యూమిఫాంట్రిన్ నుంచి తప్పించుకోవాలంటే వెనక్కి మళ్లాలి, అప్పుడు అమోడయాక్విన్ పట్టుకుంటుంది. ఆర్టిమెథర్, ల్యూమిఫాంట్రిన్, అమోడయాక్విన్ మూడూ కలిపి ఇవ్వాలన్న ఆలోచన ఇక్కడిదే. ఈ మూడింటినీ ఇంతకు ముందు చెప్పిన పరీక్షలోనే భారత్, బంగ్లాదేశ్, మయన్మార్, లావోస్, కాంగో దేశాల్లో చూశారు. రెండు మందులతో 97 శాతం, మూడింటితో 98 శాతం.

తేడా ఒక్క శాతమేగా, ఎందుకీ శ్రమ అని కొందరు నిపుణులు అడిగారు. నాకు ఈ ప్రశ్న తలకిందులుగా కనిపిస్తుంది. ఇంకా 97 శాతం పనిచేస్తోంది గనకే ఇప్పుడు కలపాలి. క్షయకు నాలుగు మందులు మొదటి రోజు నుంచే ఇస్తాం, రెండు విఫలమయ్యేదాకా ఆగం. హెచ్ఐవీకి మూడు. కుష్ఠు వ్యాధిలో డాప్సోన్ ఒక్కదాన్నే నమ్ముకుని దెబ్బతిన్నాక 1980ల మొదట్లో బహుళ ఔషధ చికిత్సకు మారాం. ఫలితం మన దేశంలో ప్రతి జిల్లా చూసింది. మలేరియాకు మాత్రం ప్రతిసారీ ఇల్లు అంటుకున్నాకే బావి తవ్వుతున్నాం.

ఎదుటివారి అభ్యంతరాల్లో బలమైనవీ ఉన్నాయి. అమోడయాక్విన్ కలిస్తే వాంతులు, నీరసం పెరుగుతాయి. వాంతిలో పోయిన మాత్ర ఎవరికీ ఉపయోగపడదు. ఆర్టిమెథర్-ల్యూమిఫాంట్రిన్ కోర్సే పెద్దవాళ్లకు 24 మాత్రలు, అదీ పాలతోనో కొవ్వు ఉన్న తిండితోనో వేసుకోవాలి, లేకపోతే ఒంటికి సరిగా పట్టదు. దానిమీద ఇంకొన్ని మాత్రలు విడిగా ఇస్తే రోగి వాటిలో ఇష్టమైనవే మింగుతాడు. కాబట్టి మూడూ ఒకే మాత్రలో ఉండాల్సిందే. ఆ మాత్ర పసిపిల్లలకు నీళ్లలో కరిగేలా ఉండాలి. ఇంకో చిక్కు సహారా ఎడారి దక్షిణపు అంచున ఉన్న సాహెల్ ప్రాంతానిది. అక్కడ వానాకాలంలో పిల్లలకు మలేరియా రాకుండా ఇప్పటికే అమోడయాక్విన్ నెలనెలా ఇస్తున్నారు. నివారణకూ చికిత్సకూ ఒకే మందు వాడితే మనమే దాన్ని అరగదీసినట్టు. ఆ దేశాలకు వేరే మూడో మందు చూడాలి. ఇక డబ్బు. 2023లో మలేరియా నియంత్రణకు ప్రపంచమంతా కలిపి పెట్టిన ఖర్చు 400 కోట్ల డాలర్లు, కావలసినది 830 కోట్లు. ఇంత లోటులో ఖరీదు పెరిగే చికిత్సను అడగడం తేలిక కాదని తెలుసు. అయినా క్లోరోక్విన్ చేజారిన ఇరవై ఏళ్లలో జరిగిన నష్టాన్ని ఏ పద్దులో రాయాలో ఆ లెక్క వేసేవారు చెప్పాలి.

కొత్త మందులు ఒంటరిగా ఎంత త్వరగా ఓడిపోతాయో ఎన్నిసార్లు చూడాలి? 1990లలో అటోవాక్వోన్‌ను థాయ్‌లాండ్‌లో ఒంటరిగా ఇస్తే చికిత్స నడుస్తుండగానే లొంగని పరాన్నజీవులు పుట్టాయి. ప్రోగ్వానిల్ జతచేస్తే గాని నిలబడలేదు. స్కాట్లాండ్‌లోని డండీ విశ్వవిద్యాలయంలో పుట్టిన కాబామిక్విన్ చాలా ఆశలు రేపింది. పరాన్నజీవి ప్రొటీన్లు తయారుచేసుకునే యంత్రాంగాన్నే అది ఆపేస్తుంది. దాన్ని ఒంటరిగా పరీక్షించినప్పుడు కొందరు వాలంటీర్లలోనే లొంగని రకం తలెత్తింది. ఇప్పుడు పైరోనారిడిన్‌తో కలిపి ముందుకు తీసుకెళ్తున్నారు. అదే సరైన పద్ధతి.

మన దగ్గరి సంగతి చెప్పాలి. నేను పుట్టి పెరిగినది విశాఖ ఏజెన్సీ కొండల కింది ఊళ్లో. వానలు మొదలైతే ఇంటికొకరు దుప్పట్లు కప్పుకొని వణికేవారు. మలేరియా వర్కరు ఇంటింటికీ వచ్చి, జ్వరం ఉన్నవారి వేలు గుచ్చి గాజుపలక మీద రక్తపూత తీసుకునేవాడు. ఫలితం రావడానికి వారాలు పట్టేది కాబట్టి, ఏ జ్వరమైనా సరే, అక్కడికక్కడే పెద్దవాళ్ల చేతిలో నాలుగు క్లోరోక్విన్ మాత్రలు పెట్టి, తన ఎదుటే మింగించి, గోడ మీద తేదీ రాసి వెళ్లేవాడు. మా అమ్మ మాకు వాటిని పొడిచేసి బెల్లంలో పెట్టి ఇచ్చేది, చేదు మాత్రం గొంతులో మధ్యాహ్నం దాకా ఉండేది. ఆ నాలుగు మాత్రలు చాలామంది ప్రాణాలు కాపాడాయి. కానీ మలేరియా అవునో కాదో తేలకముందే ఊరంతా అసంపూర్తి మోతాదు మింగడం ప్రభుత్వ విధానంగా ఏళ్ల తరబడి సాగిందని తర్వాత చదువుకున్నప్పుడు నాకు కడుపు తరుక్కుపోయింది. క్లోరోక్విన్‌కు లొంగని ఫాల్సిపారమ్ మన దేశంలో, అస్సాంలో, 1973లోనే బయటపడింది. ఫాల్సిపారమ్‌కు దేశమంతటా జంట చికిత్స విధానంగా మారడానికి 2010 దాకా పట్టింది.

అలా వచ్చిన జంటలో ఒకటి ఆర్టెమిసినిన్ జాతి మందైన ఆర్టిసునేట్, దాని జోడీ సల్ఫాడాక్సిన్-పైరిమెథమిన్. వయసును బట్టి అట్ట రంగు మారుతుంది: ఏడాదిలోపు పసివాళ్లకు గులాబీ, తర్వాత పసుపు, ఆకుపచ్చ, ఎరుపు, పెద్దవాళ్లకు తెలుపు. చదువు రాని తల్లి కూడా పొరబడకుండా చేసిన ఆ రంగుల ఏర్పాటు నాకు ఎంతో ఇష్టం. ఆ తెల్ల అట్టను ఒకసారి చేతిలోకి తీసుకుని చూడండి. ఆర్టిసునేట్ మాత్రలు మూడు రోజులకూ ఉంటాయి. జోడీ మందు మొదటి రోజుకే. అంటే ఆ ఒక్క రోజు మాత్రల్లోని జోడీ పనిచేయకపోతే మిగతా రెండు రోజులూ రోగి మింగేది ఒంటరి ఆర్టిసునేటే. ఒంటరి ఆర్టెమిసినిన్ మాత్రల అమ్మకం ఆపాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లోనే కోరింది. జోడీ చచ్చుబడిన జంటను ఇవ్వడం, ఫలితంలో, ఆ ఒంటరి మాత్రను ఇవ్వడమే.

ఆ జోడీ అప్పటికే పాతబడింది. సల్ఫాడాక్సిన్-పైరిమెథమిన్ పరాన్నజీవి ఫోలేట్ (ఫోలిక్ ఆమ్లం జాతి విటమిన్) తయారుచేసుకునే దారిని మూసేస్తుంది. ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసిన అమెరికా మందుల కంపెనీ లెడర్లే బృందానికి నాయకుడు మన భీమవరం బిడ్డ యల్లాప్రగడ సుబ్బారావు కాబట్టి, ఈ పాఠం చెప్పే రోజు ఆయన పేరు తలవకుండా నేను ముందుకు పోను. ఆ దారి మీద దెబ్బకొట్టే మందుల నుంచి జన్యువులో ఒక్కో అక్షరం మార్పుతో తప్పించుకోవడం పరాన్నజీవికి కష్టం కాదు. ఆర్టెమిసినిన్‌తో జతకట్టేసరికే ఈ మందు మన దేశంలో ఏళ్లపాటు ఒంటరిగా వాడి అరిగిపోయింది. ఈశాన్య రాష్ట్రాల్లో విఫలమవుతోందని తేలి 2013లో అక్కడ ఆర్టిమెథర్-ల్యూమిఫాంట్రిన్‌కు మార్చారు. మిగతా దేశంలో ఆ తర్వాత కూడా ఏళ్లపాటు పాత జంటే సాగింది.

వైవాక్స్ అనే మరో రకం మలేరియా విషయంలోనూ జోడీ పాఠం ఎదురైంది. ఈ రకం కాలేయంలో నిద్రపోయి నెలల తర్వాత లేస్తుంది. దాన్ని అక్కడే చంపడానికి ప్రైమాక్విన్ 14 రోజులు వాడాలి, పూర్తిగా వాడేవారు అరుదు. 2018లో అమెరికా అనుమతించిన టాఫెనోక్విన్ ఒక్క మోతాదుతో ఆ పని చేస్తుందన్నారు. క్లోరోక్విన్ తోడుగా ఇస్తే చేసింది. పపువా నుంచి తిరిగివచ్చిన ఇండోనేషియా సైనికులకు అదే మందును డైహైడ్రోఆర్టెమిసినిన్-పైపెరాక్విన్‌తో ఇస్తే దాదాపు పనిచేయలేదు. మందు అదే, మోతాదు అదే, జోడీ మారేసరికి ఫలితం తారుమారు. జీ6పీడీ ఎంజైము లోపం ఉన్నవారికి ప్రైమాక్విన్, టాఫెనోక్విన్ రెండూ ఎర్ర రక్తకణాలను పగలగొట్టి ప్రమాదం తెస్తాయి. ఆ లోపం మన గిరిజన సమూహాల్లో కొన్నింటిలో ఎక్కువ కాబట్టి టాఫెనోక్విన్ ఏజెన్సీకి రావాలంటే ముందు ఆ పరీక్ష పీహెచ్‌సీ దాకా రావాలి.

2030 నాటికి మలేరియాను నిర్మూలించాలని మన దేశం లక్ష్యం పెట్టుకుంది. కేసులు బాగా తగ్గాయి, అందుకు పనిచేసిన ఆశా కార్యకర్తలకు చేతులెత్తి నమస్కరిస్తాను. అయితే లొంగని రకాలు పుట్టేది ఎక్కువగా కేసులు తగ్గిన చోట్లే. అక్కడ జనానికి సహజ రక్షణ శక్తి ఉండదు, సోకిన ప్రతివారికీ జ్వరం వస్తుంది, ప్రతివారూ మందు మింగుతారు. పరాన్నజీవికి మందు తగలని చోటే ఉండదు. పైలిన్ అలాంటిదే. రేపటి పాడేరు, బస్తర్, కొరాపుట్ కొండలు అలాంటివి కావచ్చు.

కాబట్టి నేను అడిగేవి ఇవి. మిగిలిన ప్రతి ఫాల్సిపారమ్ కేసు నుంచీ రక్తం చుక్క సేకరించి కెల్చ్-13నూ, జోడీ మందులకు సంబంధించిన జన్యువులనూ పరీక్షించాలి. కేసులు ఇంతకన్నా ఎన్నో రెట్లు ఉన్నప్పుడు కుదరనిది ఇప్పుడు కుదురుతుంది. మూడు మందుల మాత్రను ఒడిశా, ఛత్తీస్‌గఢ్, ఆంధ్ర ఏజెన్సీల్లో ఇప్పుడే పరీక్షించాలి, పసిపిల్లల మోతాదుతో సహా. ప్రపంచంలో వాడే జనరిక్ మలేరియా మాత్రల్లో పెద్ద వాటా మన కంపెనీలదే. ఆర్టిసునేట్-మెఫ్లోక్విన్‌ను సిప్లా తయారుచేసి 2012లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆమోదం పొందింది. అదే ఏడాది రాన్‌బాక్సీ పూర్తిగా కృత్రిమమైన ఆర్టెరోలేన్‌ను పైపెరాక్విన్‌తో కలిపి విడుదల చేసింది. మూడింటిని ఒక మాత్రలో పెట్టే నేర్పు మన దగ్గర ఉంది. కొనేవాళ్లు ముందే మాట ఇస్తే తయారుచేసేవాళ్లు వస్తారు. ఆ మాట ఇవ్వాల్సింది ప్రభుత్వమూ, అంతర్జాతీయ నిధులూ. గానాప్లాసైడ్‌కు అనుమతులు వచ్చి మన దేశం దాకా చేరేలోగా, ల్యూమిఫాంట్రిన్ కాక దానికి సరిపడే రెండో తోడు ఎవరన్న పరీక్ష కూడా మొదలై ఉండాలి.